పిడికెడు బియ్యం గిర్నికి ఎందుకు పోయేది

ఈ మధ్య సూర్యాపేటలో, కొత్తగా సేవలోకి వస్తున్న ఆడపిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. మైకు చేతికొస్తే నాకు నోరు పెగలదు. ఉద్యోగమంతా వంటింటి గడపల దగ్గర కూర్చుని మాట్లాడినదాన్ని, వరసగా కుర్చీల్లో కూర్చున్న వాళ్లతో మాట్లాడటం నాకు ఏనాడూ రాలేదు. ప్రేమగా ఉండండి, ఓపికగా ఉండండి అని చెప్పి దిగిపోయాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో నా మీద నాకే చిరాకు వేసింది. ప్రేమగా ఉండమని చెప్పడానికి మిర్యాలగూడ నుంచి ఒక ముసలమ్మ రావాలా?

అందుకే ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

కాగితం మీద నా ఉద్యోగం పేరు బైబిల్ స్త్రీ. ఊళ్లలో ఎవరూ అలా పిలవలేదు. "ప్రార్థనమ్మ వచ్చింది" అనేవాళ్లు. పాస్టర్ గారు ఆదివారం చర్చిలో అందరితో మాట్లాడతారు. మిగిలిన రోజుల్లో ప్రార్థనమ్మ ఇల్లిల్లూ తిరుగుతుంది. కాన్పయిన ఇల్లు, జ్వరమొచ్చిన ఇల్లు, మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోని ఇల్లు. పోయి కూర్చోవాలి, చెప్పింది వినాలి, ఒక పాట పాడాలి, ప్రార్థన చేసి లేచి రావాలి. చూడ్డానికి ఇంతే. జీతం సంగతి, బదిలీల సంగతి, కమిటీ తగవుల సంగతి రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒక్కతీరే ఉంటాయి. రాయాల్సిందల్లా ఒక మంచి పని ఎలా చెడిపోయిందన్న సంగతి ఒక్కటే. దానికి ముందు కొంచెం వెనక్కి పోవాలి.

దీనమ్మ గారి చేతి కింద

సూర్యాపేటలో నన్ను ఒక పెద్ద ప్రార్థనమ్మ కింద వేశారు. ఆమె పేరు దీనమ్మ. దీనత్వం పేరులోనే ఉండేది. కంఠం కంచు, నడక పోలీసు నడక. నవ్విన రోజు క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవాల్సిందే. దయ అంటే తియ్యగా మాట్లాడటం అనుకుని వచ్చినదాన్ని, ఆమెను చూసి మొదటి వారంలోనే ఉద్యోగం మానేద్దామనుకున్నాను.

ఒకసారి పసిబిడ్డ పోయిన ఇంటికి వెళ్లాం. తల్లి గోడకానుకుని కూర్చుంది. శిక్షణలో నేర్చుకున్నదంతా నేను వరసపెట్టి చెప్పాను. ఓదార్పు వాక్యాలు ఒకటి తర్వాత ఒకటి, ఎక్కడా తడబడకుండా. దీనమ్మ గారు మాత్రం లేచింది. పెరట్లోకి వెళ్లి, అక్కడ ఈగలు ముసురుతున్న అంట్లన్నీ తోమి, బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బయటికొచ్చాక అంది: "నువ్వు దేవుని గురించి చెప్పినవ్. నేను గిన్నెలు తోమిన. ఆ పిల్ల దేన్ని యాది పెట్టుకుంటదో సూద్దాం."

చాలా ఏళ్ల తర్వాత కోదాడ బస్టాండులో ఆ తల్లి ఎదురైంది. నేనే పలకరించాను. ఎంత చెప్పినా ఆనవాలు పట్టలేదు. చివరికి, "మా గిన్నెలు తోమిన అమ్మ మంచిగున్నదా?" అని అడిగింది. అప్పటికి దీనమ్మ గారు పోయి కొంతకాలమైంది. ఆ మాట ఆమెకు చెప్పే వీలు లేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంట్లోకి పోగానే పొయ్యి చూడమనేది దీనమ్మ గారు. మనిషి ముఖం అబద్ధం చెప్తుంది గానీ పొయ్యి చెప్పదనేది. పొయ్యి చల్లగా ఉంటే చాయ్ అన్న మాట ఎత్తనివ్వకూడదు. వద్దంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు, సరేనంటే పిల్లల పాలు మన గ్లాసులోకి వస్తాయి. అందుకని గడప దాటక ముందే దాహమేస్తున్నదని మంచినీళ్లు అడగాలి. నీళ్లు ఇవ్వలేని ఇల్లంటూ ఉండదు. తాగి గ్లాసు కింద పెట్టేటప్పుడు, మీ నీళ్లు తియ్యగున్నాయి అనాలి. ఇది ఏ శిక్షణలోనూ చెప్పరు. నా ఉద్యోగంలో నాకు పనికొచ్చిన చదువు ఇదే.

పేర్లు

మా ప్రార్థన ఎలా ఉంటుందో తెలియని వాళ్ల కోసం ఒక మాట. ప్రార్థనమ్మ కళ్లు మూసుకుని పైకి వినపడేలా ప్రార్థన చేస్తుంది. అందులో ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ రావాలి. ఇంటి పెద్ద పేరు, ఇల్లాలి పేరు, పిల్లల పేర్లు, హైదరాబాదులో పనికి పోయిన తమ్ముడి పేరు. తన పేరు వచ్చినప్పుడు ఆ మనిషి మెల్లగా ఆమెన్ అంటాడు. తన పేరు దేవుడి చెవిన పడిందన్న తృప్తి అది.

నాకు ఆ ఒక్క విషయంలో గర్వముండేది. ఒకసారి విన్న పేరు మరిచేదాన్ని కాదు. అనంతగిరి వైపు ఒక తాత ఉండేవాడు. ప్రార్థనలో కోడలి పేరు ముందు వచ్చి తన పేరు వెనకొస్తే కళ్లు తెరిచి దగ్గేవాడు. నేను పేరు చెప్పేదాకా ఆ దగ్గు ఆగేది కాదు. వాళ్ల బర్రె ఈనడానికి సిద్ధంగా ఉంటే దాన్ని కూడా ప్రార్థనలో కలిపేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు, అయినా ఆమెన్ గట్టిగానే అనేవాళ్లు. పేరు పెట్టి ప్రార్థించడమే నా పని అని, అందులో నన్ను మించినవాళ్లు లేరని అనుకునేదాన్ని.

గిర్ని పిండి

మా సంఘాల్లో ఒక పాత ఆచారముంది. ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యాన్ని చిన్న సంచిలో తెచ్చి, కానుక పాట పాడుతున్నప్పుడు ముందున్న పెద్ద గంగాళంలో పోస్తారు. దాన్ని పిడికెడు బియ్యం అంటారు. కొన్ని చోట్ల అది పాస్టర్ గారి ఇంటికి పోతుంది. సూర్యాపేటలో మేమున్న సంఘంలో మాత్రం అది లేని ఇంటికి పోయేది. ఏ ఇంటికి పోయేదన్నది దీనమ్మ గారికి ఒక్కదానికే తెలుసు.

ఆ బియ్యంతో ఒక చిక్కుంది. పది ఇళ్ల బియ్యం ఒకచోట కలుస్తుంది. అందులో దొడ్డు బియ్యం ఉంటాయి, సన్నవి ఉంటాయి, రేషన్ షాపు కంట్రోలు బియ్యం ఉంటాయి, ఒకరు ఉప్పుడు బియ్యం కూడా వేస్తారు. వండితే సగం మెత్తబడుతుంది, సగం పలుకు మిగులుతుంది. పక్కింటామె తొంగి చూస్తే చాలు, అది చర్చి బియ్యమని తెలిసిపోతుంది. బడిలో పిల్ల అన్నం డబ్బా తెరిచినా తెలిసిపోతుంది. ఇప్పుడంటే రేషన్ షాపులో కూడా సన్నబియ్యమే ఇస్తున్నారు గానీ, అప్పట్లో మెతుకు చూసి ఇల్లు చెప్పేవాళ్లు.

అందుకని దీనమ్మ గారు ఆ బియ్యాన్ని సోమవారం కడిగి, ఆరబెట్టి, గిర్నికి మోసుకుపోయేది. పిండి పట్టించేది, కొంత రవ్వ పట్టించేది. పిండి అయ్యాక ఎవరి గింజ ఏదో దేవుడికి తప్ప తెలియదు. ఆ పిండి తీసుకుని ఆ ఇంటికి పోయేది. ఇచ్చేటప్పుడు కూడా ముఖం చిట్లించుకునే ఇచ్చేది. "మా ఇంట్ల పిండి మస్తుగైంది. పురుగు పడ్తది. జర మీరు తీస్కోండ్రి, నాకు పీడ వోతది. డబ్బా మాత్రం కడిగియ్యాలె" అని. తీసుకునేవాళ్లే ఆమెకు ఏదో సాయం చేస్తున్నట్టు ఉండేది. డబ్బా సరిగా కడగలేదని తిట్టి కూడా వచ్చేది. తిట్లు తిన్నవాళ్లకు దానం తీసుకున్నామన్న ఆలోచన రాదు కదా.

చిన్న పని అంటే నాకు గుర్తొచ్చేది అదే. బియ్యం ఇవ్వడం పెద్ద సంగతి కాదు, చాలామంది ఇస్తారు. ఆ బియ్యాన్ని గిర్ని దాకా మోసే ఓపిక కొందరికే ఉంటుంది.

సుశీల ఇల్లు

తర్వాత నన్ను కోదాడ వైపు వేశారు. గరిడేపల్లికి కొంచెం అవతల ఒక ఊళ్లో మా చర్చి ఉండేది. అక్కడ పిడికెడు బియ్యం బాధ్యత నా మీద పడింది. దీనమ్మ గారి పద్ధతే నేనూ మొదలుపెట్టాను.

ఆ సంఘంలో ఒకామె ఉండేది. సుశీల అందాం. మాట తక్కువ, నడక చురుకు, చర్చిలో మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. భర్త, యాకోబు అందాం, రైస్ మిల్లులో హమాలి. బస్తా ఎత్తితే ఊళ్లో అతని తర్వాతే ఎవరైనా అని పేరు. ఒక రోజు మిల్లులో బస్తాల వరస కూలి అతని నడుం మీద పడింది. కొన్ని నెలలు మంచం మీదే ఉన్నాడు. లేచి నడవగలిగాడు గానీ బరువు ఎత్తలేడు. బియ్యం బస్తాలు మోసిన మనిషి ఇంట్లో బియ్యం లేకుండా పోయాయి.

నేను పోయేసరికి పొయ్యి చల్లగా ఉంది. మంచినీళ్లు అడిగాను. సుశీల నీళ్లిచ్చి, చాయ్ పెడతానంది. వద్దన్నాను. ఇద్దరికీ అర్థమైంది, ఇద్దరం మాట మార్చాం. తర్వాతి వారం పిండి డబ్బా పట్టుకుపోయి, దీనమ్మ గారిలా ముఖం పెట్టి, మా ఇంట్లో పిండి ఎక్కువైంది, పురుగు పడుతుందని చెప్పాను. నాకు నటన సరిగా రాదు. సుశీల నా ముఖంలోకి ఒకసారి చూసి, డబ్బా తీసుకుంది. మరుసటి వారం తళతళలాడేలా తోమి ఇచ్చింది.

అలా చాలాకాలం నడిచింది. వాళ్ల పెద్దపిల్ల ఇంటర్మీడియట్‌కు కోదాడ పోతుండేది, చదువు ఆగలేదు. వాళ్లు చర్చికి రావడం కూడా ఆగలేదు. ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంట్లో బియ్యం ఉన్నా లేకున్నా సుశీల ప్రతి ఆదివారం తన పిడికెడు తెచ్చి గంగాళంలో పోసేది. సంచి చిన్నదై ఉండొచ్చు, ఖాళీగా మాత్రం ఎన్నడూ రాలేదు. ఆమె పోసిన బియ్యం కూడా పిండయి మళ్లీ ఆమె ఇంటికే పోయేది.  ఆ ఇల్లు నిలబడిందే ఆ పిడికెడు మీద. తీసుకునేవాళ్లం మాత్రమే కాదు, ఇచ్చేవాళ్లం కూడా అని చెప్పుకోవడానికి వాళ్లకు మిగిలింది అదొక్కటే.

కోతపండుగ నాడు

కొత్త పాస్టర్ గారు వచ్చారు. కృష్ణా నది అవతలి వైపు నుంచి వచ్చిన మనిషి, చిన్న వయసు, మంచి గాత్రం. నిజంగా మంచివాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చెడ్డవాళ్ల నుంచి సంఘాన్ని కాపాడుకోవడం తేలిక. మంచివాళ్ల ఉత్సాహం నుంచి కాపాడుకోవడమే కష్టం.

పిడికెడు బియ్యం ఎటు పోతున్నదని ఆయన అడిగారు. అడిగే హక్కు ఆయనకుంది, చెప్పాను. గిర్ని సంగతీ చెప్పాను, సుశీల తన పిడికెడు తెస్తున్న సంగతీ చెప్పాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత గొప్ప సంగతి ఎవరికీ తెలియకుండా ఉండటమేంటి అన్నారు. తెలియకుండా ఉండటమే అందులోని సంగతి అని నేనన్నాను. ఆయన తల ఊపారు. విన్నారనుకున్నాను.

కోతపండుగ వచ్చింది. మా చర్చిల్లో అది పెద్ద పండుగ. కొత్త వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు అన్నీ తెచ్చి ముందు పెడతారు, తర్వాత వేలం పాడతారు. ఆ రోజు ఊళ్లో వేరే వాళ్లు కూడా వచ్చి నిలబడతారు. వేలం అయిపోయింది. పాస్టర్ గారు మైకు తీసుకుని, మన సంఘంలో దేవుడు చేసిన ఒక మేలు చెప్తానన్నారు.  వేదిక మెట్ల దగ్గరికి పోయి, వద్దు సార్ అన్నాను. "దేవుని మహిమ కోసమే కదమ్మా" అన్నారాయన, ఎంతో ప్రేమగా.

పేరు పెట్టి పిలిచారు. యాకోబు, సుశీల, పిల్లలు ముందుకు రావాలన్నారు. ఇన్ని రోజులు మీ పిడికెడు బియ్యమే ఈ కుటుంబాన్ని బతికించిందని చెప్పారు. ఆ పొద్దున కూడా ఆమె తన పిడికెడు పోసిందని చెప్పారు. స్తోత్రం, స్తోత్రం అని అందరూ అన్నారు. ఒకరిద్దరు ఆడవాళ్లు నిజంగా ఏడ్చారు. సాక్ష్యం చెప్పమని సుశీల చేతికి మైకిచ్చారు. ఆమె "దేవునికి స్తోత్రం" అని మైకు తిరిగి ఇచ్చేసింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఈసారి పిండి కాదు, ఒక బియ్యం బస్తా తెప్పించి పెట్టారు. ఫోటో కోసం దాన్ని అందుకోమన్నారు. ఇద్దరు కుర్రాళ్లు ఎత్తిపెట్టబోయారు. యాకోబు వాళ్లను చేత్తో ఆపాడు. ఊరంతా చూస్తుండగా ఇంకొకడు తన బస్తా ఎత్తడమేంటి అనుకున్నాడేమో. వంగి, బస్తా చెవులు పట్టుకుని, భుజానికి ఎత్తుకోబోయాడు. సగం లేచింది. నడుం నిలవలేదు. బస్తాతో పాటు చతికిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు.

సాయంత్రానికి ఆ ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. మర్నాటికి అది కోదాడ కాలేజీ పిల్లల ఫోన్లలోకి పోయింది. వాళ్ల పెద్దపిల్లను ఎవరో, ఫోటోలో కిందపడ్డది మీ నాయననేనా అని అడిగారట. ఎగతాళికే అడిగారని కూడా చెప్పలేం. ఆ పిల్ల బస్సు దిగి ఇంటికొచ్చి పుస్తకాల సంచి మూలకు పెట్టింది. మళ్లీ కాలేజీకి పోనంది.

రెండోసారి అదే తప్పు

తర్వాతి ఆదివారం మూడో వరసలో కిటికీ పక్కన ఎవరూ లేరు. ఆ పై ఆదివారమూ లేరు. బస్తా మాత్రం చర్చి వరండాలోనే ఉంది, తీసుకుపోలేదు.

నేను వాళ్లింటికి పోయాను. సుశీల మంచినీళ్లిచ్చింది, పీట వేసింది, మర్యాదలో ఏ లోటూ చేయలేదు. ప్రార్థన చేయమని మాత్రం అడగలేదు. పిండి డబ్బా తీసుకుపోయాను. చేతికి తీసుకోలేదు. "మా బిడ్డ తల దించుకోని నడవద్దక్కా. ఇగ వద్దు" అంది. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. మామూలుగా అంది.

పాస్టర్ గారికి తెలిశాక రెండు రోజులు అన్నం తినలేదని వాళ్లావిడ చెప్పింది. ఆయన నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వచ్చారు. లోపలికి రావడానికి ధైర్యం చాలక వాకిట్లో నిలబడ్డారు. చేతులు జోడించి, తప్పయిందమ్మా అన్నారు. అక్కడితో ఆగితే ఏమో, సుశీల కరిగేదేమో. ఆయన ఇంకో మాట కలిపారు: "వచ్చే ఆదివారం సంఘమందరి ముందు నిలబడి, మైకులో మీ పేరు చెప్పి, మిమ్మల్ని క్షమాపణ అడుగుతాను."

యాకోబు నవ్వాడు. ఆ ప్రమాదం తర్వాత అతను నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి, అదే చివరిసారి. సుశీల తలుపు చేరేసి, "వద్దు సార్. మా పేరు మీరు మరిచిపోతే సాలు" అంది.

తిరిగొస్తుంటే ఆయన దారి పొడవునా, నేనిప్పుడు ఏమి తప్పు మాట్లాడానమ్మా అని అడుగుతూనే ఉన్నారు. నిజంగానే ఆయనకు తెలియలేదు. మాకు నేర్పిన పద్ధతే అది. పాపం ఒప్పుకోవాలన్నా, కృతజ్ఞత చెప్పాలన్నా, సాయం అడగాలన్నా, అన్నీ లేచి నిలబడి అందరి ముందు చెప్పాలి. సాక్ష్యమనేది మా సంఘాల ప్రాణం, దాన్ని నేను తీసిపారేయను. నా కష్టకాలంలో ఇంకొకరి సాక్ష్యమే నన్ను నిలబెట్టింది. అయితే తన సంగతి తాను చెప్పుకుంటే సాక్ష్యం. ఇంకొకరి ఆకలిని మనం చెప్తే అది సాక్ష్యం కాదు. దీనమ్మ గారు ఉండి ఉంటే ఆ రోజు మైకు గుంజుకునేది. నేను దీనమ్మను కాను, మెట్ల దగ్గర ఒక మాట అని ఊరుకునే మనిషిని.

కొన్నాళ్లకు వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికన్నది ఎవరికీ చెప్పలేదు. పాస్టర్ గారికి బదిలీ అయింది. ఆ తర్వాత ఆయన ఏ సంఘంలోనూ దానం ఫోటో తీయనివ్వలేదని విన్నాను. మంచిదే. పోయిన కుటుంబం మాత్రం పోయింది. ఆదివారం నేను ఆ కిటికీ వైపు చూడటం మానలేకపోయాను. పదవీ విరమణ నాడు అందరూ నా సేవ గురించి గొప్పగా మాట్లాడుతుంటే కూడా అటే చూశాను.

మిర్యాలగూడ గిర్నిలో

ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను. మా బస్తీ చివర ఒక పిండి గిర్ని ఉంది. కిందటేడు ఒక పొద్దున గోధుమలు పట్టించుకుందామని పోయి వరసలో కూర్చున్నాను. నా ముందు ఒక సంచి ఉంది, మూతి విప్పి ఉంది. ఊరికే అందులోకి చూశాను. దొడ్డు గింజ, సన్న గింజ, కొంచెం ఉప్పుడు బియ్యం, అన్నీ కలిసి ఉన్నాయి. కడిగి ఆరబెట్టినట్టు పొడిగా, తెల్లగా ఉన్నాయి.

ఒక ఇంటి బియ్యం అలా ఉండవు.  తలెత్తి చూస్తే సంచి పక్కన సుశీల.

జుట్టు నెరిసింది, చూపు అదే. నన్ను చూసి లేచి నిలబడింది. పారిపోతుందేమోనని భయమేసింది. పోలేదు. గిర్ని చప్పుడులో మాట వినపడదు, ముందు ఇద్దరం పిండి పట్టించుకున్నాం. అయ్యాక, ఇల్లు దగ్గరే, రమ్మంది.

మిల్లుల వెనక వరసగా కిరాయి గదులు. అన్నీ కూలికొచ్చినవాళ్లవే. తండాల నుంచి వచ్చినవాళ్లున్నారు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లున్నారు. ఆ వరసలో మా మతం వాళ్లు ఈ ఒక్క ఇల్లే. యాకోబు ఒక మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడట, ఆ సమయానికి పనిలో ఉన్నాడు. పెద్దపిల్ల ఏడాది ఆలస్యంగానైనా నర్సింగ్ చదివి సూర్యాపేట దవాఖానలో చేస్తున్నదట. అది విని నా లోపల ఒక ముడి వదులైంది.

పిండి గురించి అడిగాను.  మెల్లగా చెప్పింది. ఆ వరసలో ఉన్న ఆడవాళ్లందరూ రోజూ ఒక పిడికెడు తీసి పెడతారట. వాళ్లెవరూ చర్చి ముఖం చూసినవాళ్లు కారు. సుశీల అడిగితే సరేనన్నారు. పని దొరకని ఇంటికి, కొత్తగా దిగిన ఇంటికి ఆ పిండి పోతుంది. పురుగు పడుతుందని చెప్పి ఇస్తుందట. ఆ మాట చెప్తూ నా వైపు చూసి కొంచెం నవ్వింది.

అప్పుడు అడిగాను, నేను తెచ్చిన పిండి ఎక్కడిదో నీకు తెలుసా అని. ఆమె పిండి డబ్బాలో పోస్తూ, తలెత్తకుండా చెప్పింది:

"ఎరుకేనక్కా, మొదటి రోజు నుంచే. ఒక ఇంటి పిండి గట్లుండది. మీరు దాస్తున్నరని ఎరుకే. మీరు గంత కష్టపడి దాస్తున్నరు గదా అని తిన్న. దాయకపోతే నాకు గొంతు దిగేది కాదు."

నాకు కన్నీళ్లు ఆగలేదు. ముసలిదాన్ని, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నేళ్లూ నేను దాచాననుకున్నాను. నేను దాస్తున్నానన్న సంగతిని ఆమె నా దగ్గర దాచింది. మేమిద్దరం మాటల్లేకుండా కట్టుకున్న ఆ గోడను ఒక పండుగ రోజు, ప్రేమతో, స్తోత్రాల మధ్య పడగొట్టారు.

చర్చికి రమ్మని అడిగాను. ఇక్కడి చర్చి వేరు, ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదన్నాను.  రాను అంది. దేవుని మీద కోపం లేదంది, మీ మీద కూడా లేదంది. నలుగురిలో కూర్చుంటే ఎప్పుడు పేరు పిలుస్తారోనని చెవులు ఎదురుచూస్తూ ఉంటాయట, వాక్యం తలకెక్కదట.  ఉద్యోగంలో ఎన్నో ఇళ్లలో మనుషుల్ని సముదాయించాను, అక్కడ మాత్రం చేతకాలేదు. అది బాగయ్యే గాయం కాదని అప్పుడు తెలిసింది.

లేవబోతుంటే ఆమె గడప దగ్గర ఆపింది. "ప్రార్థన చెయ్యక్కా. మస్తు రోజులైంది" అంది. నేను సంతోషంగా కొంగు తల మీదికి లాక్కున్నాను. కళ్లు మూసుకోబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "గని మా పేర్లు తియ్యకు."

 పేర్లు లేకుండా ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదు. ఎన్నో వేల ప్రార్థనలు చేసి ఉంటాను, అన్నీ పేర్లతోనే. చివరికి నోరు మూసుకుని ఊరికే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పక్కనే డబ్బాలో కొత్త పిండి వాసన. బయట మిల్లుల చప్పుడు. ఎంతసేపైందో తెలియదు. ఆమె ఆమెన్ అంది.

పిల్లలూ, మైకులో చెప్పలేకపోయింది ఇదే. మీరు చాలా మంచి పనులు చేస్తారు, నాకు నమ్మకముంది. చేశాక చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. దేవుడి మహిమ కోసమని మీకు మీరే సర్దిచెప్పుకోబోతే, బస్తాతో చతికిలబడ్డ ఒక మనిషిని తలుచుకోండి.

ఈ రాతలో సుశీల అని రాశాను. ఆమె పేరు అది కాదు. అసలు పేరు రోజూ పొద్దున్నే తలుచుకుంటాను, పైకి మాత్రం అనను.